బ్లాక్‌బర్డ్ మీద ఇష్క్ సరే, దాని నిగాహ్ సంగతేంటి?



మన నౌజవాన్లకు ఈమధ్య ఓ ఇష్క్ పట్టుకుంది. ఫోన్ తెరిస్తే నల్లగా, పొడుగ్గా, పాము పడగలాంటి మూతితో ఓ విమానం. పేరు ఎస్ఆర్-71, ముద్దుపేరు బ్లాక్‌బర్డ్. అది మ్యూజియానికి చేరి పాతికేళ్లు దాటింది. అయినా డీపీల్లో అదే, స్టేటస్‌ల్లో అదే, ఇంజినీరింగ్ చదివే పిల్లల గది గోడల మీద అదే. నలుగురు కూడితే ఒకటే బహస్. దాని జాగాలో వచ్చేదేది? ఎస్ఆర్-72 నిజంగా ఉందా, లేక ఉత్త బొమ్మేనా? మాక్ 6 పోతుందా, ఇంకా పైకా?

ఈ బహస్ గంటలు గంటలు నడుస్తుంది గానీ ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాదు. అది చూసింది ఎవర్ని? దాని తర్వాత వచ్చినవి చూస్తున్నది ఎవర్ని? గూఢచారి విమానం అంటే ముందు గూఢచారి, తర్వాతే విమానం. మనవాళ్లు రెక్కలు చూసి మైమరిచిపోతున్నారు, కింద బిగించిన కెమెరాను వదిలేస్తున్నారు.

ముందు తారీఫ్ చేయాల్సిన దానికి తారీఫ్ చేస్తా. హునర్ ఎవరి చేతిలో ఉన్నా హునరే. 1964 డిసెంబర్ 22న కాలిఫోర్నియాలోని పామ్‌డేల్ నుంచి మొదటిసారి ఎగిరిందది. లాక్‌హీడ్ కంపెనీలో కెల్లీ జాన్సన్ అనే ఉస్తాద్, ఆయన కింద ఉన్న జమాత్, స్లైడ్ రూళ్లు పెట్టి లెక్కలు కట్టి గీసిన విమానం. ధ్వనికి మూడు రెట్లు మించి పోతుంటే గాలి రాపిడికే ఒళ్లు కాలుతుంది, అల్యూమినియం తట్టుకోదు. టైటానియం కావాలి. అమెరికా దగ్గర చాలినంత లేదు, సోవియట్ రష్యా దగ్గర ఉంది. సరే, ఎవరి మీద జాసూసీకి ఈ విమానాల్ని కడుతున్నారో వాళ్ల దగ్గరే, బినామీ కంపెనీల పేరు మీద, ఆ లోహం కొనుక్కొచ్చారు! ఆ లోహం నఖరాలు కూడా వినాలి. కాడ్మియం పూత ఉన్న రెంచీతో బోల్టు బిగిస్తే తర్వాత వేడికి బోల్టు తల ఊడిపోయేది. ఎండాకాలంలో వెల్డింగ్ చేసిన పలకలు తొందరగా పాడయ్యేవి, చలికాలంలో చేసినవి నిలిచేవి. ఎందుకా అని తవ్వితే, ఎండాకాలం ఆ ఊరి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, పలకలు కడుగుతున్నది ఆ నీళ్లతోనే అని తేలింది. మేహనత్ అంటే అది. మన పిల్లలు ఆ విమానం నుంచి నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే, ఈ కుళాయి నీళ్ల కథ. వేగం అంకెలు కాదు.

అంకెలు కూడా చెప్పకపోతే కోపం వస్తుంది కాబట్టి చెబుతా. 1976 జూలై 28న గంటకు 3,529 కిలోమీటర్ల రికార్డు. ఆ లెక్కన హైదరాబాద్ నుంచి విజయవాడకు 5 నిమిషాలు. 1974లో న్యూయార్క్ నుంచి లండన్‌కు 1 గంట 55 నిమిషాల లోపే చేరింది. 1990 మార్చిలో లాస్ ఏంజెలెస్ వైపు నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల్లో వెళ్లి, దిగి, తనను తాను మ్యూజియం వాళ్లకు అప్పగించుకుంది. మొత్తం 32 కట్టారు, 12 ప్రమాదాల్లో పోయాయి, శత్రువు కూల్చింది ఒక్కటీ లేదు. బ్రయాన్ షూల్ అనే పైలట్ చెప్పిన రేడియో కథ మీ ఇంట్లో కుర్రాడికి కంఠతా వచ్చే ఉంటుంది. చిన్న విమానం వాడు తన వేగం ఎంతని కంట్రోల్ సెంటర్‌ని అడగడం, నేవీ జెట్ వాడు గొప్పకు పోయి తనదీ అడగడం, చివర్లో బ్లాక్‌బర్డ్ వాళ్లు అడిగి అందరి నోళ్లూ మూయించడం. నవ్వొచ్చే కథే. ఆయన వియత్నాం యుద్ధంలో విమానం కూలి ఒళ్లంతా కాలి, ఏడాది ఆస్పత్రిలో ఉండి మళ్లీ ఎగిరినవాడు. సబ్ర్ ఉన్న మనిషి, ఖద్ర్ చేయాల్సిందే.

ఇంత ఒప్పుకున్నాక అసలు మాటకొస్తా. మన ఇళ్లలో ఈ ఇష్క్‌కు పెద్దల నుంచి వచ్చే జవాబులు రెండే, రెండూ బేకార్. ఒకటి, "అది అమెరికావాడి విమానంరా, తీసెయ్" అని కసిరి టీవీ ముందు కూర్చోవడం. అదే అమెరికా వీసా కోసం చిలుకూరు దారి తప్ప అన్ని దారులూ తొక్కుతాం, విమానం ఫొటో మాత్రం గునాహ్! రెండోది, "ఎగరడం నేర్పింది మనవాళ్లే బేటా, అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్" అని మొదలెట్టడం. ఆయన కుర్తుబాలో రెక్కలు కట్టుకుని ఎగరబోయింది 9వ శతాబ్దంలో. ఆ వెయ్యేళ్ల నాటి రెక్కల కింద ఇంకెన్నాళ్లు దాక్కుంటాం? పిల్లవాడు ఇవాళ్టి ఆకాశం గురించి అడుగుతుంటే తారీఖ్ పాఠం చెప్పి పంపించేస్తున్నాం. వాడు "జీ అబ్బా" అని మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోతున్నాడు.

వాడికి చెప్పాల్సింది ఇది. 1973 రంజాన్. ఈజిప్ట్, సిరియా ఫౌజులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం నడుస్తోంది. అరబ్బులు దాన్ని ఇప్పటికీ రంజాన్ జంగ్ అనే పిలుస్తారు. బ్రిటన్ తన నేల మీద దిగనివ్వనంటే, బ్లాక్‌బర్డ్‌లు అమెరికా తూర్పు తీరం నుంచే లేచి, దారిలో మళ్లీ మళ్లీ గాల్లోనే ఇంధనం నింపుకుని, సినాయ్ మీదా సూయెజ్ మీదా ఫొటోలు తీసి, పది గంటలకు పైగా ఎగిరి వెనక్కి వెళ్లాయి. కింద రోజా ఉన్న సిపాయి తల ఎత్తినా ఏమీ కనపడదు, 24 కిలోమీటర్ల పైన ఉందది. ఆ ఎత్తు నుంచి గంటకు లక్ష చదరపు మైళ్లు ఫొటోల్లోకి ఎక్కించగలదు. మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపితే దానికంటే కాస్తే ఎక్కువ. అంటే రెండు రాష్ట్రాలు, ఆదోని ఛత్‌లు, గుంటూరు మిర్చి యార్డు, చార్మినార్ అన్నీ ఓ గంటలో చిల్లర.

1986 ఏప్రిల్‌లో లిబియా. అమెరికా బాంబర్లు ట్రిపోలి, బెంఘాజీ మీద దాడి చేశాయి. బాంబులు కొన్ని ట్రిపోలిలో జనం ఉండే మహల్లా మీద పడ్డాయి, ఫ్రెంచి రాయబార కార్యాలయం కూడా దెబ్బతింది. దెబ్బ ఎక్కడెక్కడ తగిలిందో చూసి రావడానికి వెళ్లింది బ్లాక్‌బర్డే. షూల్ సాబ్ గొప్పగా రాసుకున్న ప్రయాణం అదే. మన కుర్రాళ్లు ఆ కథను మిసైళ్లను వెనక్కి నెట్టేసి పరుగుతీసిన హీరో కథగా చదువుతారు. నిజమే, పైనుంచి చూస్తే అలాగే ఉంటుంది. కింద నుంచి చూసినవాడి కథ ఏ వీడియోలోనూ లేదు.

ఇంకో చేదు నిజం. ఇది కేవలం వాళ్ల గురించీ అరబ్బుల గురించీ కాదు. బ్లాక్‌బర్డ్‌కు ముందున్న యూ-2 విమానం 1960 మే 1న సోవియట్ గడ్డ మీద కూలింది. పైలట్ పవర్స్ బతికి పట్టుబడ్డాడు. అది లేచింది పెషావర్ నుంచి. క్రుశ్చేవ్ మ్యాప్ మీద పెషావర్‌కు గుర్తు పెట్టుకున్నామని బెదిరించాడు. పరాయి హుకూమత్ తీసుకునే ఫొటోల కోసం ఒక శహర్ మొత్తం బాంబు గురికి వచ్చింది. "వాళ్లంతే" అని మనం నవ్వుకోనక్కర్లేదు. చైనాతో యుద్ధంలో దెబ్బతిన్నాక మన దేశం కూడా కటక్ దగ్గర చార్‌బాటియా విమానాశ్రయాన్ని అదే యూ-2కు ఇచ్చింది. అక్కడి నుంచి మొదటి విమానం లేచింది 1964 మే 24న. మూడు రోజులకు నెహ్రూ కన్నుమూశారు. సీఐఏ తన చరిత్రలో ఈ భాగాన్ని 2013లో బయటపెట్టేదాకా జనానికి సరిగా తెలియదు. పెషావర్ వాళ్లూ ఇచ్చారు, మనమూ ఇచ్చాం.

"మరి జాసూసీ మొత్తం హరామ్ అంటారా?" అని ఒక భాయ్ అడగబోతున్నారని తెలుసు. అనను. దీన్‌లో ఈ ఫర్క్ చాలా సాఫ్‌గా ఉంది. ఖందక్ యుద్ధంలో చలిగాలి కొడుతున్న రాత్రి దైవప్రవక్త (స) హజ్రత్ హుజైఫా (ర)ను శత్రు శిబిరంలోకి ఖబర్ తెమ్మని పంపారు. ఎదురుగా ఫౌజ్ నిలబడి ఉంటే అది ఏం చేస్తోందో తెలుసుకోవడం ఆత్మరక్షణ. సూరా హుజురాత్ 12వ ఆయత్ మనా చేసింది తజస్సుస్‌ను, అంటే మనుషుల ఐబులు వెతకడాన్ని, వాళ్ల గుట్టులోకి తొంగి చూడడాన్ని. మన వాయిజ్‌లు బయాన్‌లో చెప్పే హజ్రత్ ఉమర్ (ర) వాఖియా మీరు వినే ఉంటారు. రాత్రి గస్తీలో ఓ ఇంట్లోంచి పాట వినపడితే ఆయన గోడెక్కి లోపలికి దూకారు. ఇంటాయన తాగుతూ దొరికాడు. దొరికినవాడు ఏమన్నాడట? అమీరుల్ మోమినీన్, నాది ఒక గునాహ్, మీవి మూడు. గుట్టు వెతికారు, తలుపు నుంచి రాకుండా గోడెక్కారు, ఇజాజత్, సలామ్ లేకుండా లోపలికొచ్చారు. ఖలీఫా ఆ మాటకు తలొంచి వెళ్లిపోయారు. ఇల్లు ఆయన హుకూమత్‌లోదే, నేరం నిజమే, ఆయన నీయత్ మంచిదే. అయినా గోడ ఎక్కే హక్కు లేదు.

ఈ రెండు కొలతలు చేతిలో పట్టుకుని బ్లాక్‌బర్డ్‌ను చూస్తే, ఇన్సాఫ్‌గా చెప్పాలి, ఆ విమానం చాలా వరకు హుజైఫా వైపే ఉంది. చూసింది మిసైళ్లను, ఓడరేవులను, ఫౌజులను. వచ్చేది, ధ్వని గోడ బద్దలైన చప్పుడు ఆకాశంలో వదిలేది, నిమిషాల్లో వెళ్లిపోయేది. ఒక ఊరి మీద నిలబడి ఆ ఊరి మనుషులు ఎప్పుడు లేస్తున్నారు, ఎప్పుడు పడుకుంటున్నారు అని చూసే తాకత్ దానికి లేదు. ఆగితే చస్తుంది కాబట్టి.

నా అసలు జగడా దాని తర్వాత వచ్చినవాటితో.

బ్లాక్‌బర్డ్‌ను ఆపేసింది అది నిదానమైపోయినందుకు కాదు. అది తీసే ఫొటో ఫిల్మ్ మీద ఉండేది. విమానం దిగాలి, ఫిల్మ్ కడగాలి, అప్పుడే ఖబర్. 1976 చివర్లో అమెరికా పంపిన కొత్త ఉపగ్రహం తీసిన బొమ్మను అప్పటికప్పుడే రేడియోలో కిందికి పంపడం మొదలెట్టింది. ఇటు విమానానికి ప్రత్యేకమైన ఇంధనం, దాన్ని మోసే ప్రత్యేకమైన ట్యాంకర్లు, పైలట్లకు వ్యోమగాముల్లాంటి దుస్తులు. ఖర్చు భరించలేక 1990లో సెలవిచ్చారు. మధ్యలో ఒకసారి మళ్లీ లేపారు, మళ్లీ ఆపారు. చివరికి 1999 అక్టోబర్‌లో నాసా చేతుల్లో ఆఖరిసారి ఎగిరింది. తమాషా ఏమిటంటే దానికంటే ముందు పుట్టిన, దాంట్లో నాలుగో వంతు వేగం కూడా లేని యూ-2 మాత్రం అది మ్యూజియంలో పాతికేళ్లు దుమ్ము పట్టాక కూడా ఎగురుతూనే ఉంది. కుందేలు, తాబేలు కథ మనకు కొత్త కాదుగా.

మన దేశంలోనూ ఇదే జరిగింది. మన వాయుసేనకూ ఒక బ్లాక్‌బర్డ్ ఉండేది, చాలామంది కుర్రాళ్లకు తెలియదు. రష్యా మిగ్-25. మనవాళ్లు గరుడ అన్నారు. 1981 నుంచి బరేలీలో 102వ స్క్వాడ్రన్, పేరు ట్రైసోనిక్స్. ధ్వనికి మూడు రెట్లకు కాస్త తక్కువ వేగం, 70 వేల అడుగులు దాటిన ఎత్తు. 2006 మే 1న రిటైర్ చేశారు. అప్పటికే 2001లో శ్రీహరికోట నుంచి వెళ్లిన టీఈఎస్ ఉపగ్రహం ఒక మీటరు వస్తువును పట్టుకునే బొమ్మలు పంపుతోంది. తర్వాత కార్టోశాట్‌లు. 2019 నవంబర్‌లో వెళ్లిన కార్టోశాట్-3కి పావు మీటరు చాలు. ఇస్రో భూపరిశీలన ఉపగ్రహాల బొమ్మలు దిగే నేల మన హైదరాబాద్ పక్కన షాద్‌నగర్. తుఫాను వచ్చినప్పుడు, కృష్ణా పొంగినప్పుడు ఏ ఊళ్లు మునిగాయో చూపించేవి ఆ బొమ్మలే. కాబట్టి పైనుంచి చూసే కన్ను ప్రతిదీ షైతాన్ కన్ను అని నేను అనడం లేదు. పొలం చూడడం వేరు, పొలంలో మనిషిని వెంటాడడం వేరు.

ఇక ఇష్క్ ఉన్నవాళ్లు ఎదురుచూసే ఎస్ఆర్-72. లాక్‌హీడ్ ఆ మాట బయట అన్నది 2013 నవంబర్‌లో. మాక్ 6 అన్నారు, ఒక బొమ్మ గీసి చూపించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా జనం ముందుకొచ్చింది ఆ బొమ్మే. మధ్యలో 2022లో 'టాప్ గన్ మావెరిక్' సినిమాలో డార్క్‌స్టార్ అనే విమానం పెట్టారు, దాని గీతలు గీయడంలో లాక్‌హీడ్ వాళ్లు చేయి వేశారు. అంతే, మనవాళ్లు అదే ఎస్ఆర్-72 అని కసమ్ తిని చెబుతున్నారు. సినిమా సెట్టు మీద కసమ్ ఏమిటి సాబ్? వేగం మీద నిజంగానే ఇష్క్ ఉంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. కాంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్ తయారుచేసిన స్క్రామ్‌జెట్ వాహనం 2020 సెప్టెంబర్ 7న ఒడిశా తీరంలో మాక్ 6 దగ్గర కొన్ని సెకన్లు ఎగిరింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే ఒక స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ను నేల మీద 1,000 సెకన్లకు పైగా మండించారు. హఫీజ్‌బాబానగర్ ఛత్ మీద నిలబడి ఫోన్‌లో కాలిఫోర్నియా ఇంజిన్ చూసే పిల్లవాడికి, నాలుగు వీధుల అవతలి గోడ వెనక ఏం మండుతోందో తెలియదు.

కానీ నేను చెప్పేది వినండి. "దాని జాగాలో ఏది వస్తుంది" అన్న ప్రశ్నే తప్పు దారి పట్టిస్తోంది. రావాల్సింది ఎప్పుడో వచ్చేసింది. అది వేగంగా లేదు కాబట్టి మీకు కనపడలేదు.

బ్లాక్‌బర్డ్‌కు అంత వేగం ఎందుకు? గొప్ప కోసం కాదు. భయం కోసం. కింద ఉన్నవాడి దగ్గర మిసైల్ ఉంది. 1960లో ఆ మిసైలే యూ-2ను కూల్చింది. కాబట్టి 3,529 కిలోమీటర్ల వేగం అంటే కింద ఉన్నవాడికి పైవాడు ఇచ్చిన ఇజ్జత్ అనుకోండి. "నువ్వు నన్ను కొట్టగలవు, అందుకే పరుగెత్తుతున్నా" అని ఒప్పుకోవడం. ఇప్పుడు హెర్మిస్-900 డ్రోన్‌ను చూడండి. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ తయారీ. పూర్తి వేగం గంటకు 220 కిలోమీటర్లు, బ్లాక్‌బర్డ్‌లో 16వ వంతు. హైవే మీద మంచి కారు కంటే కాస్త ఎక్కువ. కానీ 30 గంటలకు పైగా దిగకుండా ఒకేచోట తిరగగలదు. అంత నిదానంగా ఎందుకు తిరగగలుగుతోంది? కింద ఉన్నవాడి దగ్గర ఏమీ లేదు కాబట్టి. ఏదో ఉన్నచోట ఏమవుతుందో ఇరాన్‌లో చూశాం. 2011లో అమెరికా ఆర్‌క్యూ-170 వాళ్ల చేతికి చిక్కింది, 2019 జూన్‌లో గ్లోబల్ హాక్‌ను కూల్చేశారు. గాజాలో మిసైల్ బెడద లేదు, అందుకే అక్కడ పరుగు అవసరం లేదు. హెర్మిస్-900 మొదటిసారి యుద్ధానికి దిగింది 2014 జూలైలో గాజా మీదే. అదీ రంజానే.

గాజా జనం ఆ డ్రోన్ల చప్పుడుకు ఒక పేరు పెట్టుకున్నారు. జన్నానా. అరబ్బీలో అంటే జుమ్మని రొద పెట్టేది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మన ఉర్దూ చెవికి ఏం వినపడుతుంది? జనానా. ఇంట్లో ఆడవాళ్లు ఉండే భాగం. పరాయి నిగాహ్ పడకూడదని మన దాదీలు చిక్ వేలాడదీసిన చోటు. రెండు మాటలకూ పుట్టుకలో రిష్తా లేదు, అది అరబ్బీ, ఇది ఫార్సీ. కానీ ఆ రొద 30 గంటలు ఆగకుండా తిరిగేది అచ్చం ఆ ఛత్‌ల మీదే, బట్టలు ఆరేసే తాళ్ల మీదే, పిల్లల్ని నిద్రపుచ్చే గదుల మీదే. ఇప్పుడు ఉమర్ (ర) గోడ గుర్తు చేసుకోండి. గోడ ఎక్కినవాడు దిగి వెళ్లిపోయాడు. వీళ్లు గోడ మీదే కాపురం పెట్టారు, చేతిలో బాంబు పెట్టుకుని.

హైదరాబాద్‌కు దీంతో వాస్తా లేదనుకుంటే పొరపాటు. ఇజ్రాయెల్ బయట హెర్మిస్-900 తయారుచేసే మొదటి కర్మాగారం మన శహర్‌లోనే ఉంది. అదానీ, ఎల్బిట్ కలిసి 2018 డిసెంబర్‌లో తెరిచారు. అదే డ్రోన్‌ను 2024 జనవరిలో దృష్టి-10 పేరుతో మన నౌకాదళానికి అప్పగించారు. ఇక్కడ తయారైనవి ఇజ్రాయెల్‌కూ వెళ్లాయని అదే ఏడాది వార్తలొచ్చాయి. సముద్రం మీద పడవల్ని కాపలా కాయడానికి నౌకాదళం వాడుకుంటే నాకు ఏతరాజ్ లేదు, అది హుజైఫా పని. రెండోదాని గురించే నా గొడవ. జుమ్మా తర్వాత గాజా కోసం చేతులెత్తి దువా చేసి, సోమవారం అదే చేతులతో ఆ రెక్కలకు స్క్రూలు బిగించే రోజు మన పిల్లల్లో ఎవడికైనా రావచ్చు. డిప్లొమా చేసి, ఏరోనాటికల్ చేసి ఉద్యోగం కోసం తిరిగే పిల్లలు మన మహల్లాల్లో తక్కువేం లేరు.

"రిజ్క్ కదా, వాడు చేయకపోతే ఇంకొకడు చేస్తాడు" అనే మాట నాకు ఇప్పటికే వినపడుతోంది. వడ్డీ లెక్కలు రాసే ఉద్యోగం హలాలా హరామా అని ముఫ్తీ సాబ్ దగ్గర మూడు గంటలు కూర్చుంటారే, ఆ ఇల్లే ఈ విషయంలో ఇంకొకడి మీదికి నెట్టేస్తుందా? వడ్డీ లెక్క రాసినవాడి చేతికి అంటేది సిరా.

ఇంకో తరహా మనుషులున్నారు, వాళ్లని వదిలితే ఈ రాత ఏకపక్షం అవుతుంది. బ్లాక్‌బర్డ్ డీపీ తీసేసి టర్కీ బైరక్తార్ డీపీ పెట్టుకుని "అప్నా డ్రోన్" అని ఛాతీ విరుచుకునేవాళ్లు. 2022 జనవరిలో ఇథియోపియాలోని టిగ్రేలో, దెదెబిత్ అనే చోట, ఇళ్లు వదిలొచ్చిన జనం తలదాచుకున్న శిబిరం మీద డ్రోన్ దాడి జరిగింది. పదుల మంది చనిపోయారు. అక్కడ దొరికిన శకలాలు టర్కీ తయారీ బాంబువని పరిశోధించినవాళ్లు చెప్పారు. తయారుచేసిన కంపెనీలో నమాజ్ గది ఉన్నంత మాత్రాన ఆ నిగాహ్ హలాల్ అయిపోతుందా? మజ్లూమ్ ఎవరో చూసి జుల్మ్‌కు పేరు పెట్టేవాళ్లు రేపు మన మీద జుల్మ్ జరిగినప్పుడు ఏ మొహంతో గవాహీ అడుగుతారు?

అంటే మన పిల్లలు ఈ రంగానికే పోకూడదా? పోవాలి! కలామ్ సాబ్ 1982లో ఇదే కాంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరై వచ్చారు. అగ్ని క్షిపణి కోసం తేలికైన కార్బన్ పదార్థం ఇక్కడ తయారైంది. నిమ్స్ ఆస్పత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోల పైన బరువున్న లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అదే పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. తన పనులన్నిట్లో ఎక్కువ సంతోషం ఇచ్చిందేది అంటే ఆయన ఈ కాలిపర్ల గురించే చెప్పుకునేవారు. మిసైళ్లు కూడా ఆయనే కట్టారు, ఆ సంగతి దాచడం లేదు. ఆ లోహం ఎటు పోతోందో తెలిసి పనిచేసిన మనిషి అంటున్నా, అంతే. పక్కనే మిధానీ ఉంది, 1973 నుంచి, టైటానియం మిశ్రమాలు కరిగించే కర్మాగారం. బ్లాక్‌బర్డ్ కోసం అమెరికా వాళ్లు దొంగచాటుగా కొనుక్కున్న లోహం రకమే, సంతోష్‌నగర్ నుంచి షేర్ ఆటో దూరంలో.

మస్జిద్‌ల్లో సెలవుల్లో కెరీర్ గైడెన్స్ పెట్టే కమిటీ పెద్దలకు ఒక దర్ఖాస్తు. నీట్, ఎప్‌సెట్ ర్యాంకులతో ఆపేయకండి. ఏరోస్పేస్‌లో పనిచేసి రిటైరైన ఒకర్ని పిలిచి, ఏ కర్మాగారంలో ఏది తయారవుతుంది, ఎవరికి వెళుతుంది అన్నది పిల్లలకు చెప్పించండి. అమ్మీలూ, మీరు కూడా. మీవాడు ఆ నల్ల విమానం వీడియో చూపిస్తే ఫోన్ లాక్కోకండి. పూర్తిగా చూడండి, కుళాయి నీళ్ల కథ అడిగి చెప్పించుకోండి. తర్వాత, "ఇది ఎవరింటి మీద ఎగిరిందిరా?" అనండి. వాడి దగ్గర జవాబు ఉండదు. వెతుక్కోనివ్వండి.

ఇక ఎస్ఆర్-72 వస్తుందా అని ఇంకా అడిగే తమ్ముళ్లకు. రావచ్చు, ఇన్షాఅల్లాహ్ నువ్వూ చూడొచ్చు. కాంచన్‌బాగ్‌లో ఆ ఇంజిన్ మండించే జమాత్‌లో నీకు చోటు దొరికితే నీకంటే ముందు నేను మిఠాయి పంచుతా. ఆ డ్రోన్ ఫ్యాక్టరీ నుంచి ఆఫర్ లెటర్ వస్తే మాత్రం, అక్కడ కట్టేది ఎవరికి పోతుందో అడిగి తెలుసుకో. సంతకం చేసే ముందు మీ అమ్మీ పక్కన కూర్చుని జన్నానా అంటే ఏమిటో ఆమెకు చెప్పు. ఆమె ఏమంటుందో విను.